అక్‌-బెల్ మీదుగా వెళ్ళిన బొమ్మ

మంగళవారం పొద్దున్న నాలుగు దీపాలూ పచ్చగానే వెలిగాయి. అయినా టీవీలో బొమ్మ నిలబడలేదు.

బురుల్చా టెలిఫోను ఆఫీసులోని యంత్రాల గది గుమ్మం దగ్గర బూట్లు విడిచి, మెత్తటి చెప్పులు తొడుక్కుంటూ లోపలికి చూసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గదిలోకి వీధి బూట్లతో ఎవరూ అడుగు పెట్టలేదు. దుమ్ము పడితే ఫోన్లు కలిపే రిలేలు పాడవుతాయని పాతకాలంలో పెట్టిన నియమం అది. రిలేలన్నీ విప్పి పారేసి పదేళ్లు దాటింది, నియమం మాత్రం బురుల్చా ఉంది కాబట్టి ఉంది. రాజధాని నుంచి వచ్చిన ఇంజినీరు కిలిచ్‌బెక్ మాత్రం మంచు కారుతున్న బూట్లతో దర్జాగా టీవీ ముందు నిలబడి ఉన్నాడు. టీవీలో ఎవరిదో సగం మొహం, పక్కన బూడిదరంగు గళ్లు, ఆ తర్వాత నలుపు.

"బాబూ, బూట్లు," అంది బురుల్చా.

"ఒక్క నిమిషం ఎజె," అన్నాడతను వెనక్కి తిరక్కుండానే. ఆ ఊళ్లో పెద్దా చిన్నా అందరికీ ఆమె ఎజె, అంటే అక్క. ఇరవై ఆరేళ్ల ఆ కుర్రాడికీ ఆ మర్యాద తెలుసు. బూట్ల మర్యాదే తెలియలేదు.

ఆ ఒక్క నిమిషం సాయంత్రం దాకా సాగింది.

అతను తెచ్చిన పెట్టె చూడ్డానికి రొట్టెల డబ్బా అంత ఉంటుంది. అది చేసే పని చెప్పడం తేలికే, నమ్మడమే కష్టం. కదిలే బొమ్మ ఒక్క లైనులో పట్టదు. అందుకని పెట్టె ఆ బొమ్మను సన్నగా తరిగి, పేక పంచినట్టు నాలుగు లైన్లకూ ముక్క ముక్క పంచుతుంది. అవతల రాజధానిలో ఇంకో పెట్టె కూర్చుని, నాలుగు చేతుల్లోంచీ ముక్కలు తీసుకుని, వరస తప్పకుండా పేర్చి, మళ్లీ బొమ్మ చేస్తుంది. ఇక్కడ మనిషి చెయ్యెత్తితే అక్కడ చెయ్యి లేస్తుంది. చలికాలం కనుమ మూసుకుపోయి, కరా-సాజ్ అనే ఈ ఊరికి నాలుగు నెలలు దారి తెగిపోయినా, ఇక్కడి రోగిని అక్కడి డాక్టరు కళ్లారా చూడొచ్చు. సోమవారం నాడు కిలిచ్‌బెక్ ఇదంతా చెబుతుంటే బురుల్చా నోరు తెరుచుకుని విన్నది. లైన్లతో వయసంతా గడిపిన మనిషి, అయినా తరిగిన బొమ్మ తిరిగి అతుక్కోవడం ఆమె బుర్రకి అందలేదు.

"మరి ముక్కలు తారుమారైతే?" అని అడిగింది.

"కావు. ప్రతి ముక్కకీ అంకె ఉంటుంది ఎజె."

"అబ్బ," అంది.

నాలుగు లైన్లలో మొదటివి రెండూ అక్‌-బెల్ కనుమ మీది స్తంభం ఎక్కి, అక్కణ్ణుంచి గాల్లో కొండమీద కొండ దూకుతూ పోతాయి. మూడోది దక్షిణపు రోడ్డు వెంట భూమిలో పాతిన కేబులు, చుట్టుదారి. నాలుగోది ఉపగ్రహం. దాని కోసం పోయిన నెలే ఆఫీసు పైకప్పు మీద తెల్లటి గిన్నె యాంటెన్నా పెట్టారు. దాన్ని చూడ్డానికి బజారు బజారంతా వచ్చి మెడలు నొప్పెట్టేలా పైకి చూసి పోయింది. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి రాజధానిలో పెద్దలు కూర్చుని ఈ బొమ్మను చూస్తారు. అప్పటికి బొమ్మ నిలబడాలి.

మంగళవారం మధ్యాహ్నం కిలిచ్‌బెక్ తప్పులు లెక్కపెట్టే యంత్రం తగిలించాడు. కనుమ లైన్లు రెంట్లోనూ గంటకు అయిదారు తప్పులు. కేబులులో మూడు. ఉపగ్రహం లైనులో సున్నా.

"దొంగ దొరికాడు," అన్నాడు. "మీ కనుమే."

బురుల్చాకి చురుక్కుమంది. కనుమ అంటే ఆమెకి స్తంభం కాదు, జుమాదిల్. పైన మూడు వేల మీటర్ల ఎత్తున, భార్యతో, రెండు కుక్కలతో, పంతొమ్మిదేళ్లుగా ఆ స్టేషన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషి. మంచు పట్టినప్పుడల్లా పొడుగాటి గెడకు చీపురు కట్టి స్తంభం మీది గిన్నెలు దులుపుతాడు. పనిమీద మాట్లాడుకునే ప్రత్యేకమైన ఫోను ఒకటి కిందకీ పైకీ ఉంది. రోజూ పొద్దున్నే ఇద్దరూ అందులో ఒకళ్లనొకళ్లు తిట్టుకోకపోతే ఆ రోజు మొదలైనట్టు ఉండదు.

ఆమె ఆ ఫోను ఎత్తింది. "బతికే ఉన్నావా?"

"చస్తే మొదటి ఫోను నీకే చేస్తాలే," అన్నాడు జుమాదిల్. "ఏంటి, పొద్దున తిట్టింది చాల్లేదా?"

"తప్పులొస్తున్నాయట నీ దగ్గర."

"గంటకెన్ని?"

"అయిదారు."

"అయిదారా! పోయిన జనవరిలో అయిదారొందలొచ్చినా ఫోను డబ్బాల్లో పెళ్లి కబుర్లూ చావు కబుర్లూ అన్నీ జరిగిపోయాయి. ఎవరన్నా ఫోన్లో ఒక్క మాట పోగొట్టుకున్నారా?" అన్నాడు. "అయినా దులుపుతా. చెప్పు ఆ కుర్రాడికి, ఈ బైకె, వాడి పెద్దన్న, దులుపుతున్నాడని."

అరగంట తర్వాత తప్పులు రెండుకి దిగాయి. బొమ్మ మాత్రం నిలబడలేదు.

బుధవారం పొద్దున్న కిలిచ్‌బెక్ ఒక్కొక్క లైనూ పీకి చూశాడు. మొదటిది పీకాడు. సగం మొహం, గళ్లు, నలుపు. అది పెట్టి రెండోది పీకాడు. అదే. రెండూ పీకాడు. బొమ్మ అసలే రాలేదు. మూడోది పీకాడు. సగం మొహం కూడా పావు అయింది. పీకిన ప్రతిసారీ చేతివేళ్లను తొడకేసి తుడుచుకుంటున్నాడు, చెమట పడుతోంది పాపం. రాత్రి సరిగా నిద్రపోయినట్టు లేడు. బురుల్చా అతని పక్కన టీ పెట్టింది. చల్లారింది. మళ్లీ పోసింది. అదీ చల్లారింది.

"నాలుగోది పీకలేదే?" అంది.

"సున్నా తప్పులున్నదాన్ని పీకి ఏం చూడాలి ఎజె? ఉన్న నాలుగింట్లో అదొక్కటే బంగారం." అతను కళ్లు నులుముకున్నాడు. "నేను రాజధానిలో మూడు వారాలు ఈ పెట్టె మీదే పనిచేశాను. నాలుగు లైన్లూ అక్కడి భవనంలోవే. ఒక్కసారి కూడా ఇలా కాలేదు. ఇక్కడి లైన్లలోనే ఏదో ఉంది."

మధ్యాహ్నం ఆఫీసు పెద్ద మంబెతాలి వచ్చాడు. చేతిలో కాగితం. కనుమ స్టేషన్ని మూసేయాలని రాజధానివాళ్లు రెండేళ్లుగా చూస్తున్నారు, వాళ్లకి కావలసింది ఒక కారణం. అది ఇప్పుడు దొరికింది. కాగితం మీద టైపు చేసి ఉంది: అక్‌-బెల్ లైన్లు పనికిరానివిగా తేలినవి, స్టేషన్ని విప్పి సామగ్రినీ కాపలాదారునీ కిందకి దించవలెను. కింద మూడు సంతకాలకు జాగా. మంబెతాలిది, ఇంజినీరుది, డ్యూటీలో ఉన్న సాంకేతికురాలిది, అంటే బురుల్చాది. రెండు సంతకాలు అప్పటికే పడ్డాయి.

"శుక్రవారం లారీ వెళ్తుంది," అన్నాడు మంబెతాలి. ఆమె మొహంలోకి చూడలేదు. "ఇంకో వారం ఆగితే మంచుకి దారి ఉండదు. సంతకం పెట్టు బురుల్చా."

"జుమాదిల్ ఎక్కడికి పోతాడు?"

"ఎక్కడికో పోతాడు. నన్నడుగుతావేం? నేనేమన్నా దేవుణ్ణా?"

"పంతొమ్మిదేళ్లు."

"నాకు లెక్కలు రావనుకున్నావా?" మంబెతాలి గొంతు లేచింది. ఆ మనిషి చెడ్డవాడు కాదు. సిగ్గుపడినప్పుడు అరుస్తాడు, అంతే. "బొమ్మ రాకపోతే ఆ మాట ఎవరి మెడకో చుట్టుకోవాలి కదా! నా మెడకా? ఈ కుర్రాడి మెడకా? నీ మెడకా?"

బురుల్చా కాగితం చదివింది. మళ్లీ చదివింది. పెన్ను తీసుకోలేదు.

"నేను వినని లైను మీద సంతకం పెట్టను," అంది.

"వినడమేంటి?" అన్నాడు కిలిచ్‌బెక్.

"పాత పద్ధతి. లైను చెడింది అని రాసేముందు డ్యూటీలో ఉన్నవాళ్లు దాన్ని చెవితో వినాలి. అవతల చివర తీగని తిరగేసి కలుపుతారు. మనం మాట్లాడితే మన గొంతే అక్కడిదాకా పోయి తిరిగొస్తుంది. అది విని రాయాలి."

కిలిచ్‌బెక్ నవ్వాపుకోలేకపోయాడు. "ఎజె, ఇది డిజిటల్ లైను. ఇందులో వినడానికేముంటుంది? గరగరలుండవు, చప్పుళ్లుండవు. ఒకటీ సున్నా, అంతే."

"ఉండకపోతే ఉండదనే రాస్తా."

మంబెతాలి చేతులు గాల్లోకి ఎగరేశాడు. "మూడేళ్లలో పింఛను మనిషివి, నీకెందుకే ఈ మొండితనం? సరే, రేపు తొమ్మిదింటిదాకా. విను, వింటూ కూర్చో. తర్వాత సంతకం పెట్టు."

ఆ సాయంత్రం ఆమె జుమాదిల్‌కి ఫోను చేసింది. చెప్పకుండా ఉండలేకపోయింది. కాగితం సంగతి, లారీ సంగతి అంతా చెప్పింది. అతను తిట్టలేదు. అందుకే ఆమెకి భయం వేసింది.

"సంతకం పెట్టేయ్," అన్నాడు. "నా కోసం నీ పింఛను పోగొట్టుకోకు. ఇదిగో, మా ఆవిడ అప్పుడే కుక్కల్ని ఎవరికివ్వాలా అని ఏడుస్తోంది."

గురువారం ఏడున్నరకే బురుల్చా గదిలో ఉంది. పెట్టె తీగలు పక్కకి తీసి, పరీక్ష టెలిఫోనుని మొదటి లైనుకి తగిలించింది. రాజధానిలో డ్యూటీ అమ్మాయికి చెప్పి, అవతల నాలుగు లైన్లూ తిరగేసి కలిపించింది. చెవికి ఆనించుకుని, వాడుక ప్రకారం లెక్కపెట్టింది.

"ఒకటి."

ఒకటి అనే మాట ఆమె నోట్లోంచి వస్తూండగానే చెవిలో ఉంది. ముందా వెనకా తెలియలేదు. కనుమెక్కి, కొండలు దూకి, రాజధానికి పోయి, మళ్లీ అదే దారిన తిరిగొచ్చిన గొంతు అది. ఇరవై ఎనిమిదేళ్లలో వందలసార్లు విన్నదే. రెండో లైనూ అంతే. మూడోదానికి మార్చింది. చుట్టుదారి కదా, ఏమన్నా తేడా ఉంటుందేమోనని చెవి రిక్కించింది. ఏమీ లేదు. నోటికీ చెవికీ మధ్య గాలి కూడా దూరనంత దగ్గరగా ఉంది మాట.

నాలుగోదానికి తగిలించింది.

"ఒకటి," అంది.

ఏమీ లేదు.

తీగ సరిగా పెట్టలేదేమోనని చెయ్యి చాపింది. చెయ్యి తీగని తాకేలోపు చెవిలో ఎవరో "ఒకటి" అన్నారు.

బురుల్చా ఉలిక్కిపడింది. వెనక్కి చూసింది. గదిలో ఎవరూ లేరు. గొంతు తనదే. అంత శుభ్రంగా, ఒక్క గీత కూడా పడకుండా, తన గొంతే.

"రెండు," అంది. ఈసారి ఊపిరి బిగబట్టింది. నిశ్శబ్దం. ఒక్క గుండె చప్పుడంత నిశ్శబ్దం. అప్పుడు వచ్చింది రెండు.

"మూడు, నాలుగు," అంది గబగబా. నాలుగు అనేశాక గానీ మూడు రాలేదు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఈ గొంతు పైకప్పు మీది గిన్నెలోంచి లేచింది. కొండలు దాటింది, మబ్బులు దాటింది, ఆ పైన ఏమీ లేని చోటు దాటింది. అక్కడ వేలాడుతున్న దేన్నో తాకి రాజధానిలో దిగింది. మళ్లీ లేచింది, మళ్లీ అంత దూరమూ పోయింది, మళ్లీ ఇక్కడ దిగింది. ఇంత దూరం పోయి రావడానికి ఆ పాటి ఆలస్యమేనా అని ఒక ఆశ్చర్యం. ఆకాశం ఇంత దూరమా అని ఇంకో ఆశ్చర్యం. యాభై రెండేళ్లుగా నెత్తిమీదే ఉన్న ఆకాశం. "దేవుడా," అంది పైకే. చెవిలోని గొంతు కూడా, కాస్త ఆగి, "దేవుడా" అంది.

కన్నీళ్లు ఎందుకొచ్చాయో ఆమెకే తెలియదు. తుడుచుకుని, ఇంకో నాలుగుసార్లు విని, అప్పుడు లేచి కారిడార్లోకి పోయి కేక వేసింది. "కిలిచ్‌బెక్! ఓ కిలిచ్‌బెక్! ఇటు రా!"

అతను మంబెతాలి గదిలో రొట్టె తింటున్నాడు. ఆ కేకకి ఎవరికో కరెంటు కొట్టిందనుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆమె ఏమీ చెప్పకుండా ఫోను అతని చెవికి ఆనించింది.

"నీ పేరు చెప్పు."

"కిలిచ్‌బెక్." విన్నాడు. నవ్వాడు. "అది మామూలే ఎజె. ఉపగ్రహం ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట్లాడుకునేవాళ్లకి కాస్త ఇబ్బందే గానీ, డేటాకేం? కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతేగా."

"నాకు నీ డేటా తెలీదు బాబూ," అంది బురుల్చా. "ఒక్కటి చెప్పు. నువ్వే అన్నావు, పెట్టె పేక పంచినట్టు పంచుతుందని. అవతల పెట్టెకి మొదటి ముక్క వచ్చింది, రెండోది వచ్చింది, మూడోదీ వచ్చి కూర్చుంది. నాలుగోది ఇంకా ఆకాశంలో ఉంది. అది వచ్చేదాకా ఈ మూడింటినీ ఎక్కడ పెట్టుకుంటుంది పాపం? ఎంతసేపని కూర్చుంటుంది?"

కిలిచ్‌బెక్ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. నోట్లో ఇంకా రొట్టె ఉంది, నమలడం ఆగిపోయింది.

అతను సంచిలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. పేజీలు తిప్పాడు, ముందుకి, వెనక్కి. ఒకచోట వేలు ఆపాడు. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంది.

"అరవై నాలుగు," అన్నాడు. "సెకనులో వెయ్యో వంతులు అరవై నాలుగు దాకా ఆగుతుంది. ఆ తర్వాత పారేస్తుంది."

"ఆకాశం ఎంత తీసుకుంటుంది?"

"ఒక్క దారికి రెండొందల యాభై పైనే." అతను గోడకి ఆనుకున్నాడు. "ఎజె, తప్పులే లెక్కపెట్టాను నేను. ముక్కలు రావడానికి పట్టే వేళ లెక్కపెట్టలేదు. నేనెంత గాడిదని!"

"గాడిదవి కాదు. మొదట నాలుగోది పీకు."

పీకాడు. రాజధానిలో తిరగేసి కలిపినవి విప్పించి, మిగతా మూడింటినీ పెట్టెకి తగిలించాడు. మూడు దీపాలు పచ్చబడ్డాయి. మంగళవారం నుంచి ఒక్కసారి కూడా వెలగని పెద్ద దీపం ఒకటి వాటి పక్కన ఉంది. అది రెండుసార్లు మినుకుమని, నిలకడగా వెలిగింది.

టీవీలో బొమ్మ వచ్చింది.

రాజధానిలో గది. పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ. డ్యూటీ అమ్మాయి గిన్నెలో పాలటీ పోస్తోంది. ఆవిరి లేస్తోంది. ఆవిరి వంకర తిరగడం కూడా కనబడుతోంది. అమ్మాయి తలెత్తి ఇటు చూసి, "అమ్మా! కనబడుతున్నారు మీరు! మీ నెత్తిన ఎర్ర రుమాలు కూడా!" అని అరిచింది. బురుల్చా రుమాలు సర్దుకుంది. అక్కడి అమ్మాయి అది చూసి నవ్వింది. మూడు దారుల్లో ముక్కలై పోయిన రుమాలు అక్కడ ఒక్క రుమాలుగా అతుక్కుంది. బురుల్చా టీవీ దగ్గరికి పోయి, అద్దం మీది ఆవిరిని వేలితో ముట్టుకుంది.

తొమ్మిదింటికి మంబెతాలి కాగితం పట్టుకుని వచ్చి, టీవీని చూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. సంతకం అడగలేదు. చింపనూ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పన్నెండింటికి పెద్దలు ఏమంటారో చూద్దాం," అన్నాడు. "లారీని ఆపించడం నా చేతిలో లేదు."

పన్నెండింటికి పెద్దలు వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న లావుపాటాయన బొమ్మను కాసేపు చూసి, తల పంకించి, పక్కవాళ్లతో అన్నాడు. "చూశారా? ఉపగ్రహమంటే ఇదీ! కొండలెక్కే పాత స్తంభాలతో ఇంత కాలం ఊరికే కాలక్షేపం చేశాం. ఇంక వాటిని విప్పేయొచ్చు." అందరూ చప్పట్లు కొట్టారు.

బురుల్చా కెమెరా ముందు లేదు, ఆమె మాట అక్కడికి పోదు. కెమెరా ముందు కిలిచ్‌బెక్ ఒక్కడే ఉన్నాడు. కొత్త కోటు వేసుకున్నాడు. ఆ చప్పట్లు అతనికే. నోరు మూసుకుంటే చాలు, రేపు రాజధానికి పోయి మంచి కుర్చీలో కూర్చుంటాడు. ఆమె అతని మెడ వెనకభాగం వైపే చూస్తూ నిలబడింది. ఆ మెడ ఎర్రబడింది.

"అయ్యా," అన్నాడు కిలిచ్‌బెక్. దగ్గాడు. "అయ్యా, ఇందులో ఉపగ్రహం లేదు."

"ఏమన్నారు?"

"పొద్దున తీసేశాం. దాని వల్లే మూడు రోజులు బొమ్మ రాలేదు. తప్పు నాది. మీరు చూస్తున్న బొమ్మ మూడు పాళ్లలో రెండు పాళ్లు అక్‌-బెల్ కనుమ మీదుగా వస్తోంది. ఆ స్తంభం విప్పితే మీకు నేను కనబడను."

లావుపాటాయన టీ గిన్నె చేతిలో పట్టుకుని కళ్లార్పకుండా ఇటే చూశాడు, తనముందున్న మనిషి కొండల మీద నిలబడి ఉన్నాడన్నట్టు. "అలాగా," అన్నాడు కాసేపటికి, నెమ్మదిగా. "అయితే విప్పకండి." పక్కనున్నాయన అది రాసుకున్నాడు.

మంబెతాలి జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలుగా చింపాడు. బురుల్చా అది చూడ్డానికి ఆగలేదు. అప్పటికే పనిఫోను ఎత్తింది.

"జుమాదిల్! నువ్వక్కడే ఉంటున్నావు! లారీ రాదు! విన్నావా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "తమాషా చెయ్యకే," అన్నాడు.

"తమాషా కాదు, ఒట్టు! బొమ్మ వచ్చింది. నీ మీదుగానే వచ్చింది. ఇప్పుడు కూడా వస్తోంది."

"ఇప్పుడా? ఈ నిమిషంలోనా?"

"ఈ నిమిషంలోనే."

"ఏముంది దాంట్లో?" అన్నాడు జుమాదిల్. "ఇన్నేళ్లలో ఇక్కణ్ణుంచి ఏమేం పోయాయో ఒక్కటీ చూడలేదు నేను. చెప్పు, ఏముంది?"

బురుల్చా టీవీ వైపు తిరిగింది. పెద్దలు లేచి వెళ్లిపోతున్నారు. "ఒక అమ్మాయి ఉంది. టీ గిన్నెలు తీస్తోంది. నీలం గౌను. జడ ముందుకేసుకుంది. వెనక కిటికీలో ఎండ."

"ఎండ కూడానా?"

"ఎండ కూడా."

"నువ్వు చెయ్యూపు," అన్నాడు. "నువ్వూపితే అది కూడా ఇటు నుంచే పోతుందిగా? ఉండు, ఇప్పుడే కాదు. బయటికెళ్లి స్తంభం గిన్నెల కింద నిలబడతాను. మా ఆవిణ్ణి కూడా తీసుకెళ్తా. వందదాకా లెక్కపెట్టి ఊపు."

ఫోను బల్లమీద పెట్టిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. ఫోన్లోకి గాలి హోరు వచ్చింది, కుక్కల అరుపులు, మంచులో పరిగెత్తే అడుగులు.

బురుల్చా కిలిచ్‌బెక్‌ని పక్కకి జరగమని, కెమెరా ముందుకొచ్చి నిలబడింది. వందదాకా ఒక్క అంకె కూడా వదలకుండా లెక్కపెట్టింది. అప్పుడు చెయ్యెత్తింది. అక్కడ టీ గిన్నెలు తీస్తున్న అమ్మాయి చూసి, ఎందుకో ఏమిటో అడక్కుండా, తనూ చెయ్యెత్తి ఊపింది. ఇద్దరూ ఆపకుండా ఊపుతూనే ఉన్నారు.